పిచర్ మోచేతి నొప్పి: లారీ యౌంట్ కథ చుట్టూ అపోహలు - వాస్తవాలు

అమెరికాలో బేస్‌బాల్ ఆడే పిల్లలకు చికిత్స చేసే ఫిజియోథెరపిస్టుగా, మన తెలుగు తల్లిదండ్రుల నోట నేను తరచూ వినే మాట ఒకటుంది: నొప్పి అని మౌండ్ (పిచర్, అంటే బంతి విసిరే ఆటగాడు, నిలబడే దిబ్బ) దిగితే అవకాశం మళ్ళీ రాదట, లారీ యౌంట్ అనే పిచర్‌కు జరిగింది అదేనట.

అపోహ: ఆ రోజు ఓర్చుకుని ఉంటే యౌంట్ నిలదొక్కుకునేవాడు.

వాస్తవం: 1971 సెప్టెంబరు 15న హ్యూస్టన్ ఆస్ట్రోస్ తరఫున అట్లాంటా బ్రేవ్స్‌పై తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రిలీవర్‌గా (మ్యాచ్ మధ్యలో మరో పిచర్ స్థానంలో దిగే పిచర్‌గా) వచ్చిన 21 ఏళ్ల యౌంట్, వార్మప్‌లోనే మోచేయి నొప్పి పుట్టడంతో ఒక్క బ్యాటర్‌నూ ఎదుర్కోకుండా వెనుదిరిగాడు, పేరు అప్పటికే ప్రకటించారు కనుక అది మ్యాచ్‌గా నమోదయింది, మేజర్ లీగ్‌లో (అమెరికా బేస్‌బాల్ అత్యున్నత స్థాయిలో) అతనికి మిగిలింది ఆ ఒక్క నమోదే. కథను ఇక్కడే ఆపేసి ప్రచారం చేసేవారి వల్లనే పిల్లలకు నష్టం జరుగుతోంది. ఆ నొప్పితో అతని చేయి పోలేదు. ఆ తరువాత ఏళ్ల తరబడి అతను మైనర్ లీగ్‌లలో (దాని కింది స్థాయి పోటీల్లో) బంతి విసిరాడు. 1974లో, తమ్ముడు రాబిన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టిన ఏడాదే, అదే మిల్వాకీ బ్రూవర్స్ సంస్థకు మారాడు. మేజర్ లీగ్ నుంచి మళ్ళీ పిలుపు తెచ్చిపెట్టేంతగా ఆ ఏళ్లలో అతని ఆట సాగలేదు, అంతే.

ఒక పదమూడేళ్ల బాబు, తండ్రి గది బయటికి వెళ్లాకగాని తన చేయి చాలాకాలంగా నొప్పిగా ఉందని నాతో చెప్పలేదు. క్రికెట్ చూస్తూ పెరిగి, ఈ ఆటను కొడుకు కోసమే నేర్చుకున్న ఆ తండ్రిని నేను తప్పుపట్టలేను. ఎవరో చెప్పిన కథను నమ్మి, బిడ్డ వెనకబడిపోతాడేమోనని ఆయన భయపడ్డారు. ఎదిగే వయసులో మోచేతి లోపలివైపు ఎముక పెరిగే భాగం, దాన్ని అంటిపెట్టుకున్న లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) కన్నా బలహీనంగా ఉంటుంది కాబట్టి ముందుగా దెబ్బతినేది అదే. తొలి నొప్పికే విసరడం ఆపితే చాలావరకు కొన్ని వారాల విశ్రాంతితో తగ్గిపోయేది, ఓర్చుకుంటూ పోతే ఆ ఎముక ముక్క విడిపోయేదాకా వెళ్లవచ్చు.

టామీ జాన్ అనే పిచర్ పేరుతో పిలిచే మోచేతి శస్త్రచికిత్స బంతి వేగాన్ని పెంచుతుందన్నది మరో వదంతి. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ దాన్ని మొదటిసారి చేసింది తెగిన లిగమెంట్‌ను పునర్నిర్మించడానికి, ఆరోగ్యంగా ఉన్న చేతికి బలం చేర్చడానికి కాదు.

కర్వ్‌బాల్ (వంపు తిరిగేలా విసిరే బంతి) ఒక్కటే ప్రమాదమన్నదీ నిజం కాదు, మొత్తం విసిరిన బంతుల సంఖ్యే ముఖ్యం. పిల్లల పిచింగ్ కోసం రూపొందించిన పిచ్ స్మార్ట్ మార్గదర్శకాల ప్రకారం 13-14 ఏళ్లవారు రోజుకు 95 బంతులు దాటకూడదు, 66 లేదా అంతకు మించి వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి ఇవ్వాలి. ఈ లెక్క కోచ్ చూసుకుంటారని వదిలేయకండి. పిల్లవాడు రెండు జట్లకు ఆడుతున్నప్పుడు మొత్తం ఎన్ని వేశాడో తెలిసేది ఇంట్లోవారికే.