ఆ క్యాసెట్ గోల వెనక ఏముందంటే

అమ్ములూ, చిన్నోడా,

మొన్న వేసవి సెలవులకు విజయవాడ వచ్చినప్పుడు అలమార పై అరలో, బిస్కెట్ డబ్బాలో, ఒక క్యాసెట్ దొరికింది మీకు, గుర్తుందా? పాట వస్తుందనుకుని టేప్ రికార్డర్‌లో పెట్టి నొక్కితే కీచుమని గోల మొదలైంది. చిన్నోడు చెవులు మూసుకుని "పాడైపోయింది తాతయ్యా, పారేద్దామా" అన్నాడు. ఇంతలో కరెంటు పోయింది, ఆ తర్వాత మీ రైలు టైమైపోయింది, నేను సరిగ్గా చెప్పనే లేదు. ఆ క్యాసెట్ పాడవలేదు నాన్నా. మీ అమ్మకు ఆరేళ్లప్పుడు నేను రాసిన ఎక్కాల ప్రోగ్రాం అందులో ఉంది. పోయిన నెల దాన్ని లాప్‌టాప్‌లో నడిపించాను. ఎలా నడిచిందో చెప్పాలనే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

1986లో మీ చిన్న తాతయ్య, అంటే మీ అమ్మమ్మ తమ్ముడు, లండన్ నుంచి వస్తూ జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే కంప్యూటర్ తెచ్చి ఇచ్చాడు. సింక్లెయిర్ కంపెనీ 1982లో బ్రిటన్‌లో అమ్మకానికి పెట్టింది దాన్ని. ఒక నోటు పుస్తకమంత ఉంటుంది, మీటలు రబ్బరువి, స్క్రీన్ ఉండదు, ఇంట్లో టీవీకే కలపాలి. మన బ్లాక్ అండ్ వైట్ టీవీలో ఆ సిగ్నల్ అందుకునే యూహెచ్ఎఫ్ బ్యాండే లేకపోతే గవర్నర్‌పేటలో ఒక మెకానిక్ విడిగా ట్యూనర్ అమర్చి పెట్టాడు. మనం రాసుకోవడానికి ఉండే మెమరీ 48 కేబీ. మీరు ఫోన్‌లో తీసే ఒక్క ఫోటో 3 ఎంబీ అనుకుంటే, దాంట్లో అరవయ్యో వంతుకు కూడా సరిపోదు ఆ మెమరీ. స్విచ్ తీసేస్తే రాసిందంతా పోతుంది. అందుకే క్యాసెట్.

ఆ గోల సంగతి ఇదీ. కంప్యూటర్‌లో ఏదైనా చివరికి సున్నాలూ ఒకట్లే కదా, స్పెక్ట్రమ్ వాటిని శబ్దంగా మార్చి టేపు మీదికి పంపేది. సున్నా అయితే సెకనుకు దాదాపు 2000 సార్లు ఊగే సన్నని కీచు, ఒకటి అయితే అందులో సగం వేగంతో ఊగే కాస్త బొంగురు శబ్దం. అవి ఒకదాని వెనక ఒకటి సెకనుకు వెయ్యికి పైగా వస్తుంటే మన చెవికి గోలలాగే వినిపిస్తుంది. మొదట్లో ఐదు సెకన్లపాటు ఒకే శ్రుతిలో కూ అని వచ్చింది చూడండి, అది "సిద్ధంగా ఉండు, వస్తున్నా" అని చెప్పడం. మెమరీ నిండా ఉండే ఆట ఎక్కాలంటే నాలుగైదు నిమిషాలు పట్టేది. ఆఖరి నిమిషంలో కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచి. సత్యనారాయణపురంలో ఆ రోజుల్లో సాయంత్రం పూట కరెంటు ఉంటే ఆశ్చర్యం, పోతే మామూలు.

ఇక ఎక్కాల ప్రోగ్రాం. మీ అమ్మకు లెక్కలు తెలుగు అంకెల్లోనే అడగాలని నాకు పట్టుదల. స్పెక్ట్రమ్‌కు తెలుగు ఎలా వస్తుంది? కానీ అందులో ఒక మంచి ఏర్పాటుంది, మనకు కావలసిన అక్షరం మనమే గీసి పెట్టుకోవచ్చు, ఒక్కో దానికి ఎనిమిది వరుసలు, వరుసకు ఎనిమిది చుక్కలు. అయితే అలాంటివి 21 మాత్రమే. యాభైకి పైగా అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు ఉన్న మన భాష 21 గళ్లలో ఎక్కడ పడుతుంది! గ్రాఫ్ పుస్తకం కొనుక్కొచ్చి రాత్రిళ్లు కూర్చుని గళ్లు నింపాను. ౦ నుంచి ౯ దాకా పది గళ్లు పోయాయి. జవాబు సరైతే "భేష్" అని రావాలి, ఆ రెండు అక్షరాలు ఎనిమిది చుక్కల్లో ఎంత కుదించినా ముద్దలా అయిపోతుంటే నాలుగు గళ్లు ఇచ్చాను. ఆ "భేష్" చూడ్డానికి మీ అమ్మ పదమూడో ఎక్కం కూడా నేర్చేసుకుంది.

1990లో ఒక రాత్రి వోల్టేజి ఒక్కసారిగా పెరిగి మిషన్ మాడిపోయింది. బాగుచేసేవాళ్లు ఇక్కడ దొరకలేదు. క్యాసెట్ మిగిలింది గానీ దాన్ని చదివేది లేదు. తాళం పోయి పెట్టె మిగిలినట్టు ముప్పై ఐదేళ్లు డబ్బాలో ఉండిపోయింది.

ఇప్పుడు దాన్ని చదివింది ఎమ్యులేటర్. పేరు విని బెదరకండి. మా అమ్మ, అంటే మీ తాతమ్మ, ఆవకాయ కొలతలన్నీ సోల, తవ్వ లెక్కలో చెప్పేది. ఇప్పుడు మనింట్లో సోల లేదు, తవ్వ లేదు. అయినా సోలకు ఎంత పడుతుందో తెలిసినవాళ్లు స్టీలు గ్లాసుతో కొలిచి అదే ఆవకాయ కలపగలరు, మీ అమ్మమ్మ ఏటా చేస్తున్నది అదే. కొలపాత్ర పోయినా కొలత పోలేదు. కంప్యూటర్‌కూ అంతే, దాని లోపలి చిప్ ఏ అంకె చూస్తే ఏం చేస్తుందో ఒక్కటీ వదలకుండా ఎవరైనా రాసి పెడితే, ఆ పనులు ఇంకో కంప్యూటర్‌తో చేయించవచ్చు. అలా చేయించే ప్రోగ్రామే ఎమ్యులేటర్.

స్పెక్ట్రమ్ లోపల జెడ్80 అనే చిప్ ఉండేది. ఆ చిప్‌కు మెమరీ అంటే 65,536 గళ్లు, ఒక్కో గడిలో 0 నుంచి 255 దాకా ఏదో ఒక అంకె. ఒక చోట వరుసగా 62, 5, 198, 3 ఉన్నాయనుకోండి. 62 చూడగానే "పక్క గడిలో ఉన్నది తీసి ఎ అనే పెట్టెలో వెయ్యి" అని దానికి అర్థం, అంటే ఎ లో 5. తర్వాత 198, "పక్క గడిలోది ఎ కి కలుపు" అని, అంటే 8. ఎమ్యులేటర్ చేసేదీ సరిగ్గా ఇదే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 65,536 అంకెల లిస్టు ఒకటి, ఎ అని ఒక వేరియబుల్, అంటే అంకె దాచే పెట్టె, ఇప్పుడు ఏ గడి దగ్గర ఉన్నామో చెప్పే ఇంకో వేరియబుల్, చుట్టూ ఒక లూప్, అంటే చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించేది. అంకె తియ్యి, అర్థం చూడు, పని చెయ్యి, ముందుకు జరుగు. అమ్ములూ, నువ్వు స్కూల్లో నేర్చుకున్న పైథాన్ దీనికి చాలు.

కష్టం అసలు సూక్ష్మాల్లో ఉంది. ఎ లో 200 ఉంటే 100 కలిపావనుకో, 300 రాకూడదు, 44 రావాలి, ఎందుకంటే పెట్టెలో 255 దాటి పట్టదు, 256కు చేరగానే మళ్ళీ సున్నా నుంచే లెక్క. పైగా "పొంగిపోయింది" అని ఒక గుర్తు పెట్టాలి. అది మర్చిపోతే ఎక్కడో వంద అడుగుల తర్వాత ఆట ఆగిపోతుంది, తప్పు ఎక్కడుందో వెతుక్కోలేక ఏడుపొస్తుంది. ఇంకొకటి వేగం. ఆ చిప్ గడియారం సెకనుకు 35 లక్షల సార్లు కొట్టుకునేది, మన లాప్‌టాప్ దానికి వందల రెట్లు పైనే. అలాగే వదిలేస్తే మీ అమ్మ ప్రోగ్రాం ప్రశ్న అడిగి, టైమైపోయిందని కళ్లు మూసి తెరిచేలోగా చెప్పేస్తుంది. అందుకని మంచి ఎమ్యులేటర్ 69,888 దెబ్బలు లెక్కపెట్టి, అంటే టీవీ మీద ఒక బొమ్మ గీసేంత పని చేసి, సెకనులో యాభయ్యో వంతు పూర్తయ్యేదాకా ఊరికే ఆగుతుంది. ఇంత వేగం ఉండి కూడా పాత మిషన్ కోసం ఓపిగ్గా ఆగుతుందే, అది నాకు చాలా ఇష్టం.

చిప్ ఒక్కటే సరిపోదు. స్పెక్ట్రమ్‌లో మొదటి 16 కేబీ చెరిగిపోని మెమరీ, ప్రోగ్రాంలు రాసే బేసిక్ భాష అందులోనే ఉండేది. అది ఒక కంపెనీ సొత్తు. సింక్లెయిర్ కంప్యూటర్ల వ్యాపారాన్ని 1986లో ఆమ్‌స్ట్రాడ్ అనే ఇంకో కంపెనీ కొంది, తర్వాత ఎమ్యులేటర్లతో పాటు దాన్ని పంచుకోవచ్చని అనుమతి ఇచ్చింది. అన్ని కంపెనీలూ అలా ఇవ్వలేదు. పాతది కదా అని ఏదైనా దింపుకోకండి, హక్కు ఎవరిదో చూసుకోండి.

ఇది ఇవాళ్టి ఊహ కాదు. 1975లో, తర్వాత మైక్రోసాఫ్ట్ పెట్టిన పాల్ అలెన్, బిల్ గేట్స్ ఆల్టెయిర్ అనే కంప్యూటర్‌కు బేసిక్ రాసినప్పుడు వాళ్ల చేతిలో ఆల్టెయిర్ లేనే లేదు. అందులోని 8080 చిప్ ఎలా నడుచుకుంటుందో అలెన్ చదివి, హార్వర్డ్ యూనివర్సిటీలోని పీడీపీ-10 అనే పెద్ద కంప్యూటర్ అదే చిప్‌లా ప్రవర్తించేట్టు ప్రోగ్రాం రాశాడు, దాని మీదే మొత్తం పరీక్షించుకున్నారు. అలెన్ ఆల్టెయిర్ తయారయ్యే ఆల్బకర్కీ ఊరు వెళ్లి అసలు మిషన్ మీద వేస్తే నడిచింది. తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. కంటితో చూడని మిషన్‌ను, అది ఎలా నడుచుకుంటుందో చదివి మాత్రమే, మనసులో కట్టుకోవడం!

దీనికి ఎదురు కథ కూడా తెలియాలి. ఇంగ్లండులో 1086లో ఊళ్లు, పొలాలు, పన్నులు లెక్క రాసిన డూమ్స్‌డే పుస్తకం ఉంది. దానికి 900 ఏళ్లు నిండాయని 1986లో బీబీసీ ఆధ్వర్యంలో పిల్లలు, పెద్దలు కలిసి తమ ఊళ్ల గురించి రాసి, ఫోటోలు తీసి, పెద్ద లేజర్ డిస్కుల మీద దాచారు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ డిస్కు చదివే మిషన్లు దొరకడమే కష్టమైంది. తోలు మీద రాసిన పాత పుస్తకం మాత్రం శుభ్రంగా చదువుకోవచ్చు. చివరికి లీడ్స్, మిషిగన్ యూనివర్సిటీల వాళ్లు ఎమ్యులేటర్ రాసి ఆ సమాచారాన్ని బయటికి తీశారు. నేను ఎక్కాల ప్రోగ్రాం రాసిన ఏడాదే అది తయారైంది. అందుకే చిన్నోడా, "పారేద్దామా" అన్నప్పుడు నా గుండె జారిపోయింది.

మన క్యాసెట్ ఎక్కించడం అంత తేలిగ్గా జరగలేదు. టేప్ రికార్డర్ బెల్టు జిగురుగా కరిగిపోతే కొత్తది వేయించాను. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి లాప్‌టాప్‌కు తీగ కలిపి వేవ్ ఫైలుగా రికార్డు చేశాను, ఎంపీ3 చేస్తే శబ్దంలోని అంచులు అరిగిపోతాయని. ఫ్యూజ్ అనే ఎమ్యులేటర్‌లో వేస్తే "ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్" అనే పాత తిట్టే వచ్చింది. టేప్ రికార్డర్‌లో టేపును చదివే హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ కీచు స్పష్టంగా వినిపించేదాకా సర్ది, మళ్ళీ రికార్డు చేసి, నాలుగోసారికి సాధించాను. నల్లని "భేష్" తెర మీదికి వచ్చినప్పుడు మీ అమ్మమ్మను వంటింట్లోంచి పిలిచాను. చేతికి పిండితోనే వచ్చి చాలాసేపు నిలబడి చూసింది.

అందులో ౬ చూడండి. కింది నుంచి రెండో వరుసలో ఒక చుక్క ఎక్కువుంటుంది. 1986లో గ్రాఫ్ పుస్తకం మీద నేను చేసిన తప్పు, ఎమ్యులేటర్ దాన్ని దిద్దలేదు, ఉన్నదున్నట్టు చూపించింది.

ఫైలు మీ అమ్మకు పంపాను. ఫ్యూజ్ తెరిచి జె నొక్కితే లోడ్ అని పదం మొత్తం పడుతుంది, తర్వాత కంట్రోల్ పట్టుకుని పి రెండుసార్లు, ఎంటర్, ఆపైన టేపు నడపండి. ముందు "పోక్ 16384, 255" అని కొట్టి చూడండి, ఓ అన్న అక్షరం నొక్కితే పోక్ వస్తుంది. తెర పై ఎడమ మూల చిన్న గీత పడితే, మీరు నేరుగా మెమరీ గడిలో అంకె వేసినట్టు. అమ్ములూ, సొంతంగా ఎమ్యులేటర్ రాయాలనిపిస్తే జెడ్80తో మొదలుపెట్టకు, వందల ఆదేశాలున్నాయి. చిప్-8 అని ఒక చిన్న ఊహా కంప్యూటర్ ఉంది, దానికి ముప్పై ఐదే ఆదేశాలు, 4096 గళ్లు. ఎక్కడ ఆగిపోయినా ఆదివారం సాయంత్రం ఫోన్ చెయ్యి, కలిసి చూద్దాం.

దసరాకు వచ్చేలోగా ౬ లోని ఆ చుక్క ప్రోగ్రాంలో ఏ లైన్ లోంచి వస్తోందో చిన్నోడు కనిపెట్టాలి. దిద్దేది కాపీలోనే సుమా, అసలు ఫైలు ముట్టుకోవద్దు.

మీ తాతయ్య