పాత ట్రాక్టరును మెల్లగా నడిపించాలంటే

అంబత్తూరు, చెన్నై

చిరంజీవులకు ఆశీస్సులు.

టమాటా నారు నాటే యంత్రం మీద కూర్చున్న మనిషి రెండు సెకన్లకు ఒక మొక్క పెడతాడు అనుకోండి. మొక్కకూ మొక్కకూ 60 సెంటీమీటర్లు. అంటే నిమిషానికి 18 మీటర్లు, గంటకు కిలోమీటరు చిల్లర. పాత ఫెర్గూసన్ టీఈ20 (1946 నుంచి 1956 దాకా ఇంగ్లండులో తయారైన బండి) ఫస్ట్ గేరులో, ఇంజన్ నిమిషానికి 1500 చుట్లు తిరిగేటప్పుడు, గంటకు సుమారు 4 కిలోమీటర్లు పోతుంది. మనకు అందులో నాలుగో వంతు కావాలి.

యాక్సిలరేటర్ తగ్గిస్తే పోదా అంటారు. నాలుగో వంతు అంటే 375 చుట్లు. ఇంజన్ ఆగిపోతుంది. ఆగకపోయినా వెనక పీటీఓ షాఫ్టూ (వెనక తగిలించే యంత్రాలకు ఇంజన్ బలాన్ని అందించే కడ్డీ), అదే షాఫ్టు మీదున్న హైడ్రాలిక్ పంపూ నీరసపడతాయి. సగం క్లచ్ తొక్కి నడపడమైతే, క్లచ్ ప్లేటును పొయ్యిలో పెట్టినట్టే.

కాబట్టి ఇంకో గేరుసెట్టు పెట్టాలి. ఎక్కడ పెడతామన్నదే అసలు సంగతి. గేరుబాక్సు ముందర పెడితే పీటీఓ కూడా నాలుగో వంతుకు పడిపోతుంది. గేరుబాక్సు దాటాక, చక్రాలకు పోయే మెయిన్ షాఫ్టు మీద పెడితే బండి మెల్లబడుతుంది, పీటీఓ మాత్రం తన వేగంతోనే తిరుగుతుంది.

అక్కడికి సరిపోయేది ప్లానెటరీ సెట్టు. మధ్యలో సన్ గేరు, చుట్టూ మూడు ప్లానెట్లు, బయట లోపలి పళ్ల రింగు. రింగును కదలకుండా బిగించి సన్‌ను తిప్పితే, ప్లానెట్లను మోసే క్యారియర్ మెల్లగా తిరుగుతుంది. రింగు పళ్లను సన్ పళ్లతో భాగించి ఒకటి కలపండి, అదే తగ్గింపు. సన్‌కు 20, రింగుకు 60 పళ్లు పెడితే లెక్క నాలుగే వస్తుంది. కానీ మూడు ప్లానెట్లు సమదూరంలో కూర్చోవు! సన్ పళ్లూ రింగు పళ్లూ కలిపిన మొత్తం ప్లానెట్ల సంఖ్యతో శేషం లేకుండా భాగం పోవాలి. రెండూ కలిపితే 80, అది మూడుతో పోదు. సన్ 21, ప్లానెట్ 21, రింగు 63 పెట్టండి: 84 మూడుతో పోతుంది, అన్నీ చక్కగా కూర్చుంటాయి. ఈ చిన్న లెక్క మరిచి గేర్లు కోయిస్తే కూలీ దండగ. పుదుపేట పాత సామాన్ల బజారులో దొరికిన గేరు చూడ్డానికి బాగున్నా, మాడ్యూల్ (పంటి సైజు కొలత) కలవకపోతే పళ్లు ఒకదాన్నొకటి నమిలేస్తాయి. ఈఎన్ 353 స్టీలుతో కోయించి, కేస్ హార్డెనింగ్ (పైపొరను మాత్రం గట్టిపరచడం) చేయించడమే మేలు.

బిగించేటప్పుడు బండిని నడుమ విడదీయాలి. ముందు గేరుబాక్సు, వెనక యాక్సిల్ ఆయిల్ మొత్తం దింపండి. సుమారు 30 లీటర్లు ఉంటుంది, బకెట్టు చాలదు. ముందు యాక్సిల్ నడిమధ్య ఒక్క పిన్ను మీద ఊగుతుంది కదా, రెండు పక్కలా కర్ర చీలలు దిగ్గొట్టకుండా విడదీస్తే ఇంజన్ పక్కకు ఒరిగి మనిషి మీద పడుతుంది. జాకీని నమ్మకండి, కింద స్టాండులు పెట్టండి. మధ్యలో కొత్త హౌసింగ్ ఎంత మందమో బండి అంత పొడుగవుతుంది. పీటీఓ షాఫ్టు, బ్రేకు రాడ్లు కూడా అంత పెంచాలి.

ఇప్పుడు అందరూ పొరబడే చోటు. వేగం నాలుగో వంతైతే చక్రం దగ్గర బలం ఇంచుమించు నాలుగింతలవుతుంది. వెనక చక్రాలకు బలాన్ని మళ్లించే క్రౌన్, పినియన్ గేర్లు, యాక్సిళ్లు ఆ బలానికి చేసినవి కావు. టైరు జారినంత సేపు పర్వాలేదు, జారడమే వాటికి రక్ష. చక్రాలకు బరువులు కట్టి, ఈ గేరులో మొద్దు పెకలించబోతే యాక్సిల్ విరుగుతుంది, లేదా ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. ఇంజన్ మూలగదు కాబట్టి ఆపద వచ్చేదాకా తెలియదు. నాటడం, మందు కొట్టడం లాంటి తేలిక పనులకే ఈ గేరు. వేసేదీ తీసేదీ బండి పూర్తిగా ఆగాకే.

చివరికి టైరు మీద సుద్దముక్కతో గీత గీసి, ఒక్క చుట్టుకు ఎన్ని మీటర్లు పోయిందో కొలవండి. నిమిషానికి ఎన్ని చుట్లో లెక్కపెడితే అసలు వేగం తేలుతుంది. పది గంటలు నడిచాక ఆయిల్ దింపి, అడుగున చేరినదాన్ని వేళ్ల మధ్య నలపండి. బూడిదలాంటి మెత్తని పొడి అయితే గేర్లు ఒదుగుతున్నట్టు. వడ్లపొట్టులా మెరిసే పలుకు తగిలిందా, బండిని మళ్లీ విప్పాల్సిందే.

మీ తాతయ్య