పాత బొమ్మని ఏ టార్చి వెలుగులో చూడాలి

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగోళ్ళ ఇళ్ళల్లో తాతల నాటి గుండ్రటి గంజపా పేక ముక్కలు, గుడ్డ మీద వేసిన పట్టచిత్రాలు ఇంకా అటకల మీద దొరుకుతున్నాయి, దొరగ్గానే అందరూ చేసేది ఫోన్ ఫ్లాష్ వేసి ఎదురుగా పట్టి చూడటం, అలా చూస్తే పైనున్న లక్క పూత తళుక్కుమని కళ్ళల్లో కొట్టడం తప్ప ఏం తెలీదు.

టార్చి అమ్మేవాళ్ళు ముందు ల్యూమెన్లు, అంటే ఎంత వెలుగిస్తుందో చెప్తారు. బొమ్మ చూడ్డానికి అంత వెలుగు అక్కర్లేదండి, అడగాల్సింది సీఆర్ఐ, అంటే ఆ లైట్లో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే నంబరు, 100కి ఎంత దగ్గరుంటే అంత మంచిది. చవక టార్చిలు 70 దగ్గరే ఆగిపోతాయి, 95 దాటింది వెతకండి. అయితే ఈ నంబరు లెక్కగట్టేది 8 లేత రంగులతోనే, ముదురు ఎరుపు అందులో లేదు, దానికి ఆర్9 అని విడిగా ఉంటాది. తెల్ల ఎల్ఈడీ అంటే నిజానికి నీలం ఎల్ఈడీ మీద ఫాస్ఫర్ అనే, నీలాన్ని వేరే రంగుల వెలుగుగా మార్చే పూత, అందుకే చవక వాటిలో ముదురు ఎరుపు బాగా తక్కువ. మన పటాల్లో ఎక్కువగా కనపడేదేమో ఇంగిలీకం అనే ఖనిజపు ఎరుపు! ఆర్9 లేని లైట్లో అది చచ్చిపోయినట్టు ఉంటాది, రంగు వెలిసిపోయిందేమో అనుకుని పైన కొత్త రంగు వేయించేస్తే ఇక అసలుది పోయినట్టే.

అన్నిటికన్నా నాకు నచ్చేది పక్క వెలుగు. గది చీకటి చేసి, టార్చిని బొమ్మకి ఒక పక్కన దాదాపు పడుకోబెట్టి వెలిగించండి. పట్టచిత్రం గుడ్డకి చింతపిక్కల జిగురు, సుద్ద పట్టించి, రాయితో నున్నగా రుద్ది దానిమీద రంగులేస్తారు కదా, ఆ సుద్ద పొర ఎక్కడ గుడ్డని వదిలేసిందో అక్కడ పెచ్చు అంచు వెనక వెంట్రుకంత నీడ పడతాది, ఎదురు వెలుగులో ఆ జాడే ఉండదు. అక్కడ మాత్రం వేలు పెట్టొద్దు. దీనికి మధ్యలో చుక్కలా మండే జూమ్ టార్చి పనికిరాదు, వెలుగు సమంగా పరుచుకునేది కావాలి.

యూవీ, అంటే కంటికి కనపడని అతినీలలోహిత వెలుగు టార్చి కూడా కొంటే 365 నానోమీటర్లది, నల్ల ఫిల్టర్ ఉన్నది కొనండి. నోట్లు చూసే 395 రకంలో కంటికి కనపడే ఊదా ఎక్కువొచ్చి అసలు మెరుపుని కప్పేస్తాది. మంచి యూవీలో లక్క సాధారణంగా నారింజ రంగులో మెరుస్తాది, మధ్యలో నల్లటి మచ్చ కనపడితే తర్వాతెవరో రంగు దిద్దారని అనుమానించొచ్చు. వెనక గుడ్డ నీలంగా వెలిగిందంటే అందులో బట్టల్ని తెల్లగా చూపించే రసాయనాలున్నట్టు, అవి 1940ల నుంచే వాడుకలోకొచ్చాయి, కాబట్టి గుడ్డ కొత్తదైనా అయ్యుండాలి, డిటర్జెంట్ నీళ్ళైనా తగిలుండాలి. ఒక్క యూవీ చూసి వయసు తేల్చేయకండి.

యూవీ ఆపే కళ్ళద్దాలు పెట్టుకోండి, చూడటం అయిపోగానే ఆపేయండి. మ్యూజియంలలో ఇలాంటి నాజూకు బొమ్మలకి మామూలు వెలుగే 50 లక్స్ (బొమ్మ మీద పడే వెలుగు కొలత) దాటనివ్వరు, వీటిల్లోని హరిదళం అనే పసుపు రంగు వెలుగు తగిలితే పాలిపోయే రకం.