ప్లగ్ వైరును పరీక్షించకుండా మార్చకండి: అపోహలు - వాస్తవాలు

గాజువాక ఆటోనగర్‌లో మా షెడ్డుకు వానాకాలంలో పెట్రోలు బండ్లు ఎక్కువగా ఒకే ఫిర్యాదుతో వస్తాయి: ఇంజన్ మిస్సింగ్, అంటే ఏదో ఒక సిలిండర్ సరిగా మండక ఇంజన్ తడబడటం. యజమానులు అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు. కొందరు ‘వైర్లన్నీ (కాయిల్ నుంచి స్పార్క్ ప్లగ్‌కు కరెంటు మోసే ప్లగ్ వైర్లు) మార్చేయండి’ అంటారు. కొందరు ‘వైర్లు బాగానే ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు’ అంటారు. ఎవరూ వాటిని పరీక్షించి ఉండరు. అవసరం లేని సెట్టు కొనడం డబ్బు దండగ. పాడైన వైరుతోనే బండి నడపడం దానికంటే పెద్ద నష్టం. అందుకే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది మారుతి 800, ఓమ్ని, పాత శాంత్రో వంటి వైర్లున్న బండ్ల గురించి. కొత్త పెట్రోలు కార్లలో చాలావాటికి ఒక్కో ప్లగ్ మీద ఒక్కో కాయిల్ (వోల్టేజిని పెంచే భాగం) కూర్చుంటుంది, పొడవైన వైర్లు ఉండవు. డీజిల్ ఇంజన్లకు స్పార్క్ ప్లగ్గులే ఉండవు.

అపోహ: నిలబెట్టి స్టార్ట్ చేస్తే ఇంజన్ సాఫీగా ఉంది, కాబట్టి వైర్లు మంచివే.

నేను అన్నిటికంటే ఎక్కువగా వినే మాట ఇది, అన్నిటికంటే ఎక్కువగా తప్పుదారి పట్టించేదీ ఇదే. బండి నిలబడి ఉన్నప్పుడు థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలిని వదిలే తలుపు) దాదాపు మూసి ఉంటుంది. సిలిండర్‌లోకి వెళ్లే గాలి తక్కువ, ఒత్తిడీ తక్కువ. ఆ పరిస్థితిలో ప్లగ్ గ్యాప్ (ప్లగ్ కొసన ఉండే సన్నటి ఖాళీ) దాటడానికి నిప్పురవ్వకు పెద్ద వోల్టేజి అక్కర్లేదు. అదే బండి నలుగురితో సింహాచలం కొండ ఎక్కుతోందనుకోండి. యాక్సిలరేటర్ బాగా నొక్కుతారు, సిలిండర్ నిండుగా గాలి చేరుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు గ్యాప్ దాటడానికి చాలా ఎక్కువ వోల్టేజి కావాలి. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను కాయిల్ వేల వోల్టులకు పెంచుతుంది; అవసరమైతే 20,000 దాటి కూడా ఇవ్వగలదు. నీరు పల్లమెరుగు అన్నట్టు, ఆ కరెంటు ఎప్పుడూ సులువైన దారినే చూసుకుంటుంది. వైరు తొడుగులో సన్నటి పగులున్నా ప్లగ్ దాకా వెళ్లకుండా పక్కనే ఉన్న ఇంజన్ ఇనుములోకి దూకేస్తుంది. బీచ్ రోడ్డు మీద నెమ్మదిగా బాగా నడిచిన బండి అనంతగిరి ఘాట్‌లో జర్కులు కొట్టడానికి చాలాసార్లు కారణం ఇదే.

ప్లగ్గులు అరిగి గ్యాప్ పెరిగినా కావలసిన వోల్టేజి పెరుగుతుంది, ఆ భారం వైరు తొడుగు మీద పడుతుంది. ప్లగ్గులను వేళకు మార్చేవారి వైర్లు ఎక్కువ కాలం మన్నుతాయి.

కాబట్టి బండిని ఎత్తు మీద నడిపి చూడాలి. తర్వాత చీకటి పడ్డాక బానెట్ తెరిచి, ఇంజన్ నడుస్తుండగా దూరం నుంచి వైర్ల మీద స్ప్రే సీసాతో మంచులాంటి నీటి తుంపర పడనివ్వండి. లీకు ఉంటే నీలిరంగు మెరుపు కనిపిస్తుంది, టిక్ టిక్ మని చప్పుడూ వినిపిస్తుంది. చేయి మాత్రం దూరంగా ఉంచండి.

అపోహ: పైకి పగుళ్లు లేవు, కాబట్టి వైరు మంచిదే.

చాలా కారు వైర్ల లోపల ఉండేది రాగి తీగ కాదు, కార్బన్ పట్టించిన నార. వేడికి, వంపులకు అది లోపలే తెగుతుంది, పైన తొడుగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఇంజన్ ఆపి, వైరు తీసి మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ (కరెంటుకు వైరు ఇచ్చే అడ్డు) ఓమ్స్‌లో కొలవండి. కార్బన్ వైరుకు మీటరు పొడవుకు సుమారు 10,000 నుంచి 20,000 ఓమ్స్ దాకా ఉండటం మామూలే. మీ బండి సర్వీసు మాన్యువల్‌లోని అంకెనే ప్రమాణంగా తీసుకోండి. పొడవైన వైరు ఎక్కువ చూపిస్తుంది, అది లోపం కాదు. కొలుస్తూనే వైరును మెల్లగా అటూ ఇటూ వంచండి. అంకె గెంతుతూ ఉన్నా, మీటరు ఏమీ చూపించకపోయినా లోపల తెగినట్టే.

మల్టీమీటర్ వాడేది చిన్న బ్యాటరీ. వేల వోల్టుల దగ్గర మాత్రమే బయటపడే తొడుగు లీకు దానికి కనిపించదు. మీటరు పరీక్ష, నీటి తుంపర పరీక్ష రెండూ చేస్తేనే వైరు సంగతి తేలుతుంది.

వైరు తీసినప్పుడు చివరి రబ్బరు బూటును వెనక్కి మడిచి, లోపలి గోడను టార్చి వెలుగులో చూడండి. పెన్సిల్‌తో గీసినట్టు వెంట్రుకంత సన్నటి నల్లగీత ఉంటే కరెంటు ఆ దారినే పారిపోతోంది. ప్లగ్ తెల్లటి పింగాణీ మీద కూడా దాని జోడు గీత కనిపిస్తుంది. తుడిస్తే పోదు. అటువంటప్పుడు వైరు ఒక్కటే మార్చి పాత ప్లగ్ ఉంచితే కొత్త బూటు కూడా అదే చోట కాలుతుంది. రెండూ మార్చాలి. కొత్త కార్లలో కాయిల్ కింది బూటుకూ ఇదే జబ్బు వస్తుంది.

అపోహ: ఇంజన్ నడుస్తుండగా ఒక్కో వైరూ లాగి చూడటమే అసలైన పరీక్ష.

దయచేసి మానేయండి. షాకు గట్టిగా కొడుతుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారికి ప్రమాదకరం. దారి లేని కరెంటు కాయిల్‌ను, ఇగ్నిషన్ మాడ్యూల్‌ను దెబ్బతీస్తుంది. కాలని పెట్రోలు పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్ని వేడెక్కించి పాడుచేస్తుంది. ఇంజన్ ఆపి తీసేటప్పుడు కూడా వైరు పట్టుకొని లాగకండి. బూటును పట్టుకొని కొంచెం తిప్పి తీయండి. మంచి వైర్లు తెగేది చాలావరకు ఈ లాగుళ్లలోనే.

అపోహ: మిస్సింగ్ అంటే వైర్లే.

ప్లగ్, కాయిల్, కరెంటును ఒక్కో సిలిండర్‌కు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్, రోటర్, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్, కంప్రెషన్, దేనివల్లయినా మిస్సింగ్ రావచ్చు. ఇంజన్ కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పీ0302 అని చూపిస్తే రెండో సిలిండర్ మండటం లేదని మాత్రమే అర్థం. పొడవు సరిపోతే ఆ సిలిండర్ వైరును, పక్క సిలిండర్ వైరును తారుమారు చేసి చూడండి. లోపం కూడా అక్కడికి వెళ్తే దోషి వైరే. వెళ్లకపోతే ప్లగ్‌తో మొదలుపెట్టి మిగతావి చూడండి. ఒకే కాయిల్ రెండు ప్లగ్గులకు కలిపి కరెంటు ఇచ్చే ఇంజన్లలో 1-4, 2-3 జంటలుగా పనిచేస్తాయి, ఒక వైరు పాడైతే దాని జంట సిలిండర్ కూడా తడబడవచ్చు.

అపోహ: లావుగా, ఎర్రగా ఉన్న వైరు, అందులోనూ రాగి వైరు వేస్తే పికప్ పెరుగుతుంది.

రంగుకూ పనికీ సంబంధం లేదు. 7 మిల్లీమీటర్ల బదులు 8 వేస్తే తొడుగు మందం పెరగవచ్చు గానీ, ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌కు కొత్త బలం రాదు. రెసిస్టెన్స్ లేని రాగి వైరు వల్ల విద్యుత్ శబ్దం లేచి రేడియోలో గరగర వస్తుంది, ఇంజన్ కంప్యూటర్ సెన్సర్లకూ ఆటంకం కలగవచ్చు. కంపెనీ ఏ రకం వేసిందో అదే రకం కొనండి. సిలికాన్ తొడుగు ఇంజన్ వేడిని బాగా తట్టుకుంటుంది, దానికి నాలుగు రూపాయలు ఎక్కువ పెట్టవచ్చు. పొడవు, బూటు ఆకారం, లోపలి టెర్మినల్ మీ ఇంజన్‌కు సరిపోవాలి. పాత సెట్టులో ఒకటి వయసు మీరి పోతే మిగతావీ అదే దారిలో ఉంటాయి, సెట్టుగానే మార్చండి. కొత్త సెట్టులో ఎలుక ఒకటి కొరికితే మాత్రం ఆ ఒక్కటి చాలు.

బిగించేటప్పుడు ఒకటి తీసి, దాని చోట దానంత పొడవున్నది పెట్టి, తర్వాతే రెండోది తీయండి. మారుతి 800లో ఫైరింగ్ వరుస (సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి మండే క్రమం) 1-3-2, నాలుగు సిలిండర్ల ఇంజన్లలో చాలావాటికి 1-3-4-2. వైర్లను పట్టి ఉంచే క్లిప్పులను పారేయవద్దు. వేడి ఎగ్జాస్ట్‌కు తగలకుండా, వైర్లు ఒకదాన్నొకటి రాసుకోకుండా కాపాడేవి అవే.

అపోహ: గ్రీజు రాస్తే కరెంటు బాగా పారుతుంది.

సిలికాన్ గ్రీజు కరెంటును పారనివ్వదు. అది చేసే మేలు తేమను ఆపడం. బూటు లోపలి అంచుకు పలుచగా రాస్తే చాలు. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. సముద్రం పక్కన, లాసన్స్ బే కాలనీ, భీమిలి వైపు తిరిగే బండ్లలో ఇత్తడి టెర్మినళ్ల మీద పచ్చటి పొర కడుతుంది. ఉప్పుగాలి చేసే పని అది. పొరను శుభ్రం చేసి ఈ గ్రీజు రాస్తే వానాకాలం ఉదయాల్లో స్టార్టింగ్ తంటా చాలావరకు తగ్గుతుంది.

బైకుల గురించి ఒక మాట. ప్లగ్ క్యాప్ విప్పి, రాగి పోగులున్న వైరు చివర అర సెంటీమీటరు కత్తిరించి మళ్లీ తిప్పి బిగించడం సరైన పద్ధతే, పొడవు మిగిలి ఉన్నంతవరకు. కార్బన్ వైరుకు అది పనికిరాదు. క్యాప్‌లోనూ రెసిస్టెన్స్ ఉంటుంది, చాలావాటిలో 5,000 ఓమ్స్. దాన్ని వైరు నుంచి విడదీసి వేరుగా కొలవండి. గ్యాస్‌తో నడిచే ఆటోలకు పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజి కావాలి కాబట్టి వాటి వైర్ల బలహీనత ముందుగా బయటపడుతుంది. ఆటో నడిపే తమ్ముళ్లు ప్లగ్ మార్చిన ప్రతిసారీ వైరును, క్యాప్‌ను కూడా మీటరు పెట్టి చూపించమని అడగండి.