తవుడులో చావాలి, గంజిలో బతకాలి

సుల్తానాబాద్ వైపు ఒక రైస్‌మిల్లులో ఆపరేటర్ రెండు తవుడు సంచుల మూతి విప్పి వాసన చూడమన్నాడు. ఆ రెండు సంచులూ మూడు రోజుల కిందట ఆడినవే. మొదటిదాని మీదికి వంగగానే పాత నూనె డబ్బా మూత తీసినట్టయింది. రెండోది మాత్రం కమ్మగా, ఉడికిన వడ్ల వాసనతో ఉంది. "మొదటిది రా రైస్‌ది సారూ, ఇది బాయిల్డ్‌ది. రా రైస్ తవుడు పొద్దున ఆడితే పొద్దుగూకేలోపల నూనె మిల్లుకు పోవాలె. ఆగిందంటే ఖరాబైతది" అన్నాడు.

యాసంగి వడ్లను పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువ పడుతుందనీ, అందుకే మన మిల్లులు ఉప్పుడు బియ్యానికి అలవాటు పడ్డాయనీ అందరికీ తెలుసు. తవుడు సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు. గింజ మీది పొరల్లో లైపేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. నూనెను విరిచి కొవ్వు ఆమ్లాలుగా మార్చడం దాని పని. గింజలో ఉన్నంతకాలం అది ఒక పొరలో, నూనె ఇంకో పొరలో. ఇరుగుపొరుగే గానీ మధ్యన గోడ ఉంది. మర ఆ గోడను కూలుస్తుంది, గంటల్లోనే నూనె చెడడం మొదలవుతుంది. ఉప్పుడు బియ్యం కోసం వడ్లను నానబెట్టి ఆవిరి పట్టినప్పుడే లైపేజ్ చచ్చిపోతుంది కాబట్టి రెండో సంచి బాగుంది.

చావడం అంటున్నాను గానీ ఎంజైమ్‌కు ప్రాణమెక్కడిది? అదొక ప్రొటీన్, వందల అమైనో ఆమ్లాలు గుచ్చిన దండ. ఆ దండ తనదైన ఒక ఆకారంలో ముడుచుకుంటేనే పని చేస్తుంది. నీళ్ళంటే గిట్టని జిడ్డు భాగాలు లోపలికి దూరి దాక్కుంటాయి. ధనావేశం ఉన్నవీ రుణావేశం ఉన్నవీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇంత అమరిక ఉన్నా అది నిలబడేది సన్నటి అంచు మీదే. ముడుచుకున్న రూపానికీ విప్పుకున్న రూపానికీ శక్తిలో తేడా సాధారణంగా మోల్‌కు 5 నుంచి 15 కిలోకేలరీలు, అంటే కొద్దిపాటి హైడ్రోజన్ బంధాలంత (అణువుల మధ్య ఉండే బలహీనమైన పట్టులు). కాస్త వేడి తగిలితే చాలు, దండ విప్పుకుంటుంది. లోపలి జిడ్డు భాగాలు బయటపడి పక్కవాటికి అంటుకుని గడ్డకడతాయి. ఉడికిన గుడ్డు తెల్లసొన మళ్ళీ నీరుగా మారదు కదా, అదే కథ.

ఇది వంటింట్లోనే చూడొచ్చు. పలచటి గంజి రెండు గ్లాసుల్లో పోసి చల్లారనిచ్చాను. ఒకదాంట్లో కొంచెం ఉమ్మి కలిపాను. ఇంకోదాంట్లో గరిటెలో కాచి చల్లార్చిన ఉమ్మి. (మా మనవరాలు "ఛీ తాతా" అని వంటింట్లోంచే పోయింది.) బెటాడిన్‌లోని అయోడిన్ గంజి తగిలితే నీలమవుతుంది. పావుగంట ఆగి రెండింట్లో దాని చుక్క వేస్తే, కాచిన ఉమ్మి కలిపిన గ్లాసు నల్లటి నీలమైంది, అంటే గంజి అలాగే ఉంది. మొదటి గ్లాసులో ఆ నీలం రాలేదు. ఉమ్మిలోని అమైలేజ్ గంజిని అప్పటికే ముక్కలు చేసేసింది.

ఇదే అమైలేజ్ జాతితో బట్టల వాళ్ళకు పెద్ద అవసరం. సిరిసిల్లలో కాటన్ బీముకు సైజింగ్ చేయించడం చూసినవాళ్ళకు తెలుసు, నూలుకు గంజి పట్టకపోతే మగ్గం మీద పోగులు తెగుతాయి. నేత అయ్యాక అదే గంజి అడ్డం, వదలకపోతే రంగు సమంగా ఎక్కదు. ఆమ్లంతో వదిలించబోతే నూలే దెబ్బతినవచ్చు. అమైలేజ్ గంజినే కోస్తుంది, నూలు జోలికి పోదు. అయితే పని త్వరగా తెమలాలంటే నీళ్ళు బాగా కాగాలి, ఆ వేడికి మన ఉమ్మి ఎంజైమ్ గరిటెలో పోయినట్టే పోతుంది.

అందుకే పరిశ్రమ బాసిల్లస్ లైకెనిఫార్మిస్ అనే బాక్టీరియాను ఆశ్రయించింది. దాని అమైలేజ్ 90 డిగ్రీల దగ్గరా పని చేస్తుంది. దీనికొక దాయాది ఉంది, బాసిల్లస్ అమైలోలిక్విఫేసియెన్స్ అమైలేజ్. రెండు దండలూ పక్కపక్కన పెడితే దాదాపు 80 శాతం ఒకటే. 1988లో క్లిబనోవ్, టొమాజిక్ అనే శాస్త్రవేత్తలు రెండింటినీ 90 డిగ్రీల నీళ్ళలో పెట్టి చూశారు. దాయాది శక్తి 2 నిమిషాల్లో సగమైంది. లైకెనిఫార్మిస్‌ది సగం కావడానికి 270 నిమిషాలు పట్టింది. కారణం వెతికితే తేలింది ఏమంటే, దండలో లైసిన్ అనే అమైనో ఆమ్లాలు కొన్నిటి దగ్గర అదనంగా ఉన్న ఉప్పు వంతెనలు, అంటే ఆ ప్లస్, మైనస్ పట్టులే. నులక మంచానికి నులకంతా మార్చనక్కర్లేదు, సరైనచోట నాలుగు ముడులు బిగిస్తే చాలు.

వేడికి తట్టుకునే ప్రొటీన్ అనగానే గంధకపు వంతెనలుంటాయని చాలామంది ఊహిస్తారు. ఈ అమైలేజ్‌లో అలాంటిది ఒక్కటీ లేదు, వంతెన కట్టే సిస్టీన్ అనే అమైనో ఆమ్లమే లేదు మరి. దానికి బదులు కాల్షియం అయాన్లు మడతల మధ్య చీలల్లా దిగి ఉంటాయి. కాల్షియం లాగేస్తే ఎంజైమ్ బలహీనపడుతుంది. బట్టల సబ్బుపొడిలో కాల్షియాన్ని పట్టేసే రసాయనాలే కలుపుతారు, అందుకే సబ్బుపొడి అమైలేజ్ తయారీదారులకు అదొక తలనొప్పి. బ్లీచింగ్‌ది ఇంకో తంటా. సబ్‌టిలిసిన్ అనే, మరకలు వదిలించే ఎంజైమ్‌లో 222వ స్థానంలోని మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని బ్లీచ్ తినేస్తుంది. 1985లో ఆ ఒక్కదాన్నీ మార్చి బ్లీచ్‌కు తట్టుకునే రకాలు చేశారు. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని అది.

బిగింపుకు ధర ఉంది. ఎంజైమ్ పని చేయాలంటే కాస్త కదలాలి, నోరు తెరిచి మూయాలి. బాగా బిగిసిన ఎంజైమ్‌లు చల్లటి నీళ్ళలో మందకొడిగా ఉండడం మామూలే.

మిల్లు ఆపరేటర్ చివర్లో ఒకటి అడిగాడు. "రా రైస్ తవుడును పెనం మీద వేయించి పెట్టిన సారూ, అయినా వాసనొచ్చింది. ఆవిరికి చచ్చేది నిప్పుకు చావదా?" వేయించిన తవుడులో నీళ్ళు తక్కువ. దండ విప్పుకోవడానికి నీళ్ళు కందెనలా పనికొస్తాయి, అవి లేకపోతే అదే లైపేజ్ ఇంకా ఎక్కువ వేడికి ఓర్చుకుంటుంది. తవుడు మీద కాసిన్ని నీళ్ళు చిలకరించి మూతపెట్టి ఆవిరి పట్టమన్నాను. "మళ్ళీ ఎండబెట్టుడెవరు సారూ?" అన్నాడు.