పసరు మందులు: అపోహలు - వాస్తవాలు

నల్లమలలోని చెంచు పెంటల్లో (చెంచుల గూడేల్లో) మందుమొక్కల వివరాలు రాసుకుంటూ తిరగడం నా పని. ఊళ్ళోకి రాగానే చాలామంది అడిగేది ఒకటే: "సార్, అడవి మందు ఏమైనా తెచ్చారా?"

అపోహ: అడవి మందుతో హాని ఉండదు.

వాస్తవం: ఈశ్వరి వేరునే తీసుకోండి. పాము కరిస్తే నూరి ఇచ్చే వేరు ఇది. ఇందులో ఉండే అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలను పాడుచేస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది. "మరి దానితో విషం దిగినవాళ్ళు ఉన్నారుగా?" అంటారు. మన పాముల్లో చాలావాటికి ప్రాణం తీసే విషమే లేదు. నాగుపాము కూడా కరిచిన ప్రతిసారీ విషం వదలదు. అలాంటప్పుడు ఏ పసరు తాగించినా మనిషి బతుకుతాడు, పేరు మాత్రం పసరుకు వస్తుంది. అదే కట్లపాము విషం ఎక్కితే ముందు కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి అందదు. వేరు వెతికి నూరేలోపే చేయి దాటిపోతుంది. పాము విషానికి ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఇంజెక్షనే మందు. ఆ విరుగుడు తయారీకి విషం తీసి ఇచ్చేదెవరో తెలుసా? తమిళనాడులో 1978లో మొదలైన ఇరుల గిరిజనుల సహకార సంఘం. పామును చేత్తో పట్టే ఆ నేర్పు తాతల నాటిది.

అపోహ: పొడపత్రి ఆకు తింటే షుగర్ మాత్రలు మానేయొచ్చు.

వాస్తవం: ఒక పెద్దాయన నాతో రెండాకులు నమిలించి, చేతిలో తేనె పోశాడు. నాలుకకు జిగురు తగిలింది కానీ తీపి తెలియలేదు. ఆకు చేసే పని అంత స్పష్టంగా ఉంటుంది. కానీ నాలుకకు తీపి తెలియకపోవడం వేరు, రక్తంలో చక్కెర అదుపులో ఉండటం వేరు. డాక్టరుకు చెప్పకుండా మాత్రలు ఆపకండి.

అపోహ: అలుగు (ఒంటినిండా పెంకులుండే అడవి జంతువు) పెంకుల్లో మహత్తు ఉంది.

వాస్తవం: అది మన గోళ్ళలో ఉండే కెరటినే. పైగా అమ్మినా కొన్నా జైలే.

అపోహ: గిరిజన వైద్యమంతా మూఢనమ్మకం.

వాస్తవం: 1987లో కేరళ అగస్త్యమల కొండల్లో శాస్త్రవేత్తలకు దారి చూపిన కాణి గిరిజనులు ఏవో కాయలు తింటూ అలుపు లేకుండా నడిచారు. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. దానితో 'జీవని' అనే మందు తయారైంది. దాని లైసెన్సు ఫీజు, రాయల్టీల్లో సగం కాణిలకే ఇచ్చేలా ఒప్పందం జరిగింది. చెంచులకూ రేపు అలాంటి వాటా రావాలి. అందుకే నా పుస్తకంలో ప్రతి మొక్క పక్కనా అది చూపించినవాళ్ళ పేరు, పెంట పేరు రాసుకుంటాను.