ఆ బురదలో ఏముంది తాతా?

చిరంజీవులకు తాత ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నది ఒక ప్రశ్న వేసింది. "తాతా, సోంపేట దగ్గర ఆ బురద కోసం అంత కొట్లాట ఎందుకు జరిగింది? అందులో ఏముంది?" అని. పక్కనుంచి పెద్దాడు అందుకుని, "కరెంటు ప్లాంటు వద్దంటే మరి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాడు. రెండూ మంచి ప్రశ్నలే. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేవి కావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. మీ స్నేహితులకు కూడా చదివి వినిపించండి.

మీరు వచ్చింది మే నెలలో. మేలో బీలను, అంటే మీరు బురద అంటున్న ఆ నేలను, చూసినవాళ్లు ఎవరైనా అలాగే అడుగుతారు. ఎండిన గడ్డి, నెర్రెలిచ్చిన నల్లమట్టి, అక్కడక్కడా పచ్చగా నాచు పట్టిన మడుగులు, వాటిలో ఒళ్లు ముంచి పడుకున్న గేదెలు. అంతకు మించి కంటికేమీ ఆనదు. అది ఏమిటో తెలియాలంటే ముందు అది ఎక్కడుందో తెలియాలి. శ్రీకాకుళం జిల్లా పటం తీసి కంచిలి, సోంపేట, బారువ ఎక్కడున్నాయో చూడండి. పడమర మహేంద్రగిరి వైపు కొండలు. తూర్పున సముద్రం. మధ్యలో నేల సన్నటి పట్టీలా ఉంటుంది. కొండల మీద కురిసిన వాన గెడ్డల వెంట, అంటే వాగుల వెంట, దిగి సముద్రం వైపు పరుగెడుతుంది. ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి ఇసుక దిబ్బలు అడ్డం. అక్కడ ఆగి వెనక్కి పరుచుకుంటుంది. అలా నీళ్లు నిలిచే పల్లపు నేలనే మావాళ్లు బీల అంటారు. తంపర అని కూడా అంటారు. సముద్రం హోరు వినబడేంత దగ్గరలో అంత మంచినీళ్లు!

ఆ నీళ్లు ఏం చేస్తాయో చెప్పాలంటే నాకు మా అమ్మ కొంగుముడి గుర్తొస్తుంది. అంటే మీ ముత్తవ్వ. మా ఇంట్లో ఏడాదికోసారి జీడిపిక్కలు అమ్మినప్పుడే డబ్బు కనబడేది. వచ్చిన డబ్బు మా నాన్న చేతిలో ఉంటే వారం తిరక్కుండా ఖర్చయిపోయేది. అందుకని అమ్మ కొంత తీసుకుని కొంగు చివర ముడి వేసి బొడ్లో దోపుకునేది. ఉప్పుకి ఇంత, కిరసనాయిలుకి ఇంత, మాకు జ్వరమొస్తే మందుకి ఇంత, అలా అవసరం వచ్చినప్పుడల్లా ముడి విప్పి కాస్త తీసి మళ్లీ బిగించేది. ఏడాది పొడుగునా ఇల్లు ఆ ముడి మీదే నడిచింది.

మన వాన కూడా అంతే. నైరుతి వచ్చిన నాలుగు నెలల్లో, ఆ తర్వాత ఏదైనా తుఫాను పడితే ఆ రెండు రోజుల్లో, కుండపోతగా వచ్చి పడుతుంది. పట్టి ఉంచేది ఏదీ లేకపోతే మా నాన్న చేతిలో డబ్బులాగే సముద్రం పాలు. బీల దాన్ని ముడి వేసి దాస్తుంది. ఆ తర్వాత కొంచెం కొంచెంగా విప్పుతుంది. ముందు వరిమళ్లకు. మళ్లు కోశాక చుట్టుపక్కల ఊళ్ల బావులకు, నేల అడుగునుంచి, చప్పుడు లేకుండా. నీళ్లు వెనక్కి తగ్గేకొద్దీ బయటపడ్డ తడినేలలో గడ్డి మొలుస్తుంది, అది గేదెలకు. మిగిలిన మడుగుల్లో చేప ఒకచోటికి చేరుతుంది, అది వల ఉన్నవాడికి. జమ్ము కోసుకునేవాళ్లు కోసుకుంటారు. సెంటు భూమి లేనివాడికి కూడా ఆ ముడిలో వాటా ఉంది.

ఇంకో సంగతి. మా అమ్మను బయటివాడెవడైనా చూస్తే ఈవిడ దగ్గర పైసా లేదనుకునేవాడు. పెట్టె లేదు, బీరువా లేదు, మెడలో నల్లపూసలు తప్ప ఏమీ లేవు. బీలను చూడ్డానికి వచ్చినవాళ్లకూ అలాగే కనబడింది. కాగితాల మీద అది పంట పండని, ఎవరికీ అక్కరకు రాని నేల అయిపోయింది. 2008లో అందులోని భూమిని ఒక కంపెనీకి బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటు కట్టడానికి కేటాయించారు. 2640 మెగావాట్ల ప్లాంటు.

ఇప్పుడు పెద్దాడి ప్రశ్నకు వస్తాను. కరెంటు కావాలి నాయనా. ఇది రాస్తుంటే నా నెత్తి మీద ఫ్యాను తిరుగుతోంది. మా చిన్నప్పుడు బుడ్డిదీపం దగ్గర చదువుకుని కళ్లు మంటలెత్తినవాణ్ణి, కరెంటు వద్దని నేనెందుకంటాను? తగువంతా చోటు గురించి. బొగ్గు కాల్చి, నీళ్లు మరిగించి, ఆ ఆవిరితో పెద్ద చక్రాలు తిప్పి కరెంటు తీస్తారు. మన దేశపు బొగ్గులో మూడోవంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, బూడిదగా మిగులుతుంది. ఆ బూడిద పోయడానికి వందల ఎకరాలు కావాలి. పల్లపు నేలలో ప్లాంటు కట్టాలంటే ముందు మట్టి తోలి ఎత్తు లేపాలి. ఎత్తు లేపితే కొండల మీంచి వచ్చే నీళ్లు నిలిచేది ఎక్కడ? వర్షాకాలంలో ఊళ్ల మీద పడతాయి, ఎండాకాలంలో బావుల్లో ఉండవు. కొంగు చిరిగిపోయాక ముడి ఎక్కడ వేస్తావు చెప్పు. ఈ మాట ఊళ్లోవాళ్లే కాదు, ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసి వచ్చిన ఇ.ఎ.ఎస్. శర్మగారు కూడా గట్టిగా చెప్పారు. కరెంటు సంగతి ఆయనకు తెలిసినంతగా ఎంతమందికి తెలుస్తుంది?

కొట్లాట గురించి చెప్పబోతూ నా మనసు ఊత మీదికి పోతోంది. ముందు అది చెప్పేస్తాను.

ఊత అంటే వెదురు బద్దలతో అల్లిన బుట్ట. అడుగున వెడల్పు, పైన ఇరుకు, రెండు వైపులా నోళ్లే. మోకాటిలోతు నీళ్లలో అలికిడి చేయకుండా నడిచి, నీళ్లు కదిలిన చోట దబ్బుమని దించాలి. లోపల బద్దలకు టపటపా తగిలితే చేప పడ్డట్టు. పైనున్న నోట్లోంచి భుజం దాకా చెయ్యి పెట్టి బురదలో తడుముకోవాలి. నున్నగా జారిపోతే కొర్రమీను. సన్నగా, గట్టిగా, మీసాలతో తగిలితే ఇంగిలాయి. దాని ముల్లు గుచ్చుకుంటే చీకటి పడేదాకా చెయ్యి సలుపుతూనే ఉంటుంది. నాకు ఆ చదువంతా మా పెదనాన్న చెప్పాడు.

ఒకసారి పెదనాన్న నన్ను రెక్క పట్టుకుని ఆపేసి, "అటు సూడు" అన్నాడు. నీళ్ల మీద అరచేతి వెడల్పున ఎర్రగా ఏదో ఉడుకుతున్నట్టుంది. వంగి చూస్తే చేపపిల్లలు! ఒక్కోటి జీలకర్ర గింజంత, వందలకొద్దీ, అన్నీ ఒకే ముద్దగా మెసులుతున్నాయి. పైకొచ్చి గాలి మింగి కిందికి పోతున్నాయి. "కింద తల్లుంది" అన్నాడు పెదనాన్న. కొర్రమీను తన పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా వాటి అడుగునే కాపలా తిరుగుతుందట. దగ్గరికి ఏదొచ్చినా మీదికి దూకుతుందట. ఆ గుంపు ఉన్నచోట ఆ రోజుల్లో మా ఊళ్లో ఎవరూ ఊత దించేవారు కాదు. చట్టం లేదు, బోర్డు లేదు. ఎవరైనా దించితే ఊరు ఊరంతా మొహం మీదే అడిగేది. చేపకు పిల్లల మీద అంత ఆపేక్ష ఎలా వచ్చిందో నన్నడక్కండి. నాకు ఇప్పటికీ అది ఆశ్చర్యమే.

అలా నాలుగు తరాలు చూసి చూసి నేర్చుకున్న ఊళ్ల వాళ్లను పిలిచి, ఈ నేల దేనికీ పనికిరాదు, వదిలేయండి అంటే ఎలా ఉంటుంది? సోంపేటలో డాక్టరు కృష్ణమూర్తిగారు ముందుండి, పర్యావరణ పరిరక్షణ సంఘం పేరుతో ఊరూరా తిరిగి జనాన్ని కూడగట్టారు. రైతులు వచ్చారు. బారువ వైపు మత్స్యకారులు వచ్చారు, ప్లాంటు వేడినీళ్లు సముద్రంలో కలిస్తే ఒడ్డు దగ్గర చేప నిలవదని వాళ్ల భయం. ఇలాంటి ప్లాంటు కట్టేముందు ఆ చుట్టుపక్కల జనాన్ని సమావేశపరిచి అభిప్రాయం అడగాలని చట్టంలో ఉంది. 2009లో అడిగారు. జనం వద్దన్నారు. అయినా అదే ఏడాది డిసెంబరులో పర్యావరణ అనుమతి వచ్చేసింది.

ఆ రోజుల్లోనే రిలే నిరాహారదీక్షలు మొదలయ్యాయి. రిలే అంటే మీ స్కూల్లో పరుగుపందెం లాంటిదే. ఇవాళ కొందరు పస్తు కూర్చుంటే రేపు ఇంకొందరు, వంతులవారీగా. ఏళ్ల తరబడి ఆ టెంటు ఖాళీ కాలేదు. ఊడ్పులు ముగించుకుని చేతికి బురద ఆరకుండానే వచ్చి కూర్చున్న ఆడవాళ్లను నేను చూశాను. ఒకరోజు ఆవేశపడటం సులువు పిల్లలూ. చేలో పని ఉండి, ఇంట్లో పసిబిడ్డ ఉండి, మన వంతు వచ్చిందని వెళ్లి కూర్చోవడం కష్టం. ఆ కష్టం పడినవాళ్ల పేర్లు పేపర్లో రాలేదు.

2010 జూలై 14న యంత్రాలతో, పెద్ద పోలీసు బలగంతో పని మొదలుపెట్టడానికి వచ్చారు. వేలమంది ఊళ్లవాళ్లు బీలకు అడ్డం నిలబడ్డారు. పోలీసులు కాల్పులు జరిపారు. మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే రోజు ఢిల్లీలో, ఇలాంటి అనుమతుల మీద అప్పీళ్లు వినే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకు ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఊళ్లవాళ్లు ఇన్నాళ్లూ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పిందే అక్కడా తేలింది, ఇది నీళ్లు నిలిచే నేల అని. ఆ కాగితం ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాం. ఆ ఇళ్లల్లో వాళ్లు ఎలా అనుకుంటారో ఊహించుకోండి.

ఆ తర్వాత ఏడాది కూడా గడవకముందే, 2011 ఫిబ్రవరి 28న, మన జిల్లాలోనే సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి దగ్గర ఇలాగే తంపర భూముల్లో ఇంకో బొగ్గు ప్లాంటును వద్దన్నవాళ్ల మీద కాల్పులు జరిగాయి. అక్కడా చనిపోయారు. ఇలాంటివి రాయడానికి చెయ్యి రాదు. కానీ మీరు పెద్దవాళ్లవుతున్నారు. దాచిపెట్టి చెబితే సగమే చెప్పినట్టు.

సోంపేటలో ఆ ప్లాంటు రాలేదు. బీల ఉంది. మీరు చూశారు.

పొరుగున ఒడిశాలో నియమగిరి కొండలున్నాయి. మన వంశధారకు నీళ్లు పంపే కొండలవి. అక్కడ అల్యూమినియం తీసే బాక్సైట్ తవ్వుతామంటే, ఆ కొండల్లో ఉండే గిరిజనులు డోంగ్రియా కొంధులు ఆ కొండ మా దేవుడన్నారు. సుప్రీంకోర్టు 2013లో, మీరే గ్రామసభ పెట్టుకుని తేల్చండి అంది. పన్నెండు ఊళ్లలో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. ఆ సభల్లో ఒక్క తూటా పేలలేదు. అడగాల్సినవాళ్లను అడిగి, చెప్పింది విన్నారు, అంతే. మనదగ్గరా అలా జరిగి ఉంటే ఎంత బాగుండేది!

మీ సైన్సు మేష్టారు ఇవన్నీ నాకంటే బాగా చెబుతారు. నేల అడుగున నీరు ఎలా నడుస్తుందో, ఇసుక దిబ్బలు ఉప్పునీటిని ఎలా ఆపుతాయో ఆయన్ని అడగండి. నేను చెప్పేది ఒక్కటే, దసరాకి రండి. అప్పటికి బీల నిండుగా ఉంటుంది. కంచిలిలో రైలు దిగితే నేను వచ్చి తీసుకెళ్తాను. పొద్దున్నే, ఎండ ముదరకముందే గట్టు ఎక్కాలి. గంటసేపు సెల్‌ఫోను జేబులోంచి తియ్యొద్దు. ఎవరెవరు వస్తున్నారో, ఏం పట్టుకెళ్తున్నారో చూస్తూ కూర్చోండి. గడ్డిమోపుతో ఒకావిడ, వలతో ఒకాయన, గేదెల వెనక ఒక కుర్రాడు వస్తారు. ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడగండి, సిగ్గుపడకండి. చిన్నదాని బురద ప్రశ్న కూడా వాళ్లనే అడగాలి. నాకంటే మంచి జవాబు వస్తుంది.

మర్నాడు టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్దాం. అక్కడ చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు గూళ్లు కడతాయి. వానల తర్వాత తంపరలన్నీ చేపపిల్లలతో నిండే కాలం చూసుకుని పిల్లల్ని పెడతాయి. ఊళ్లోవాళ్లు వాటిని ఇంటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. చెట్ల కింద గట్టిగా అరవకూడదు, రాళ్లు విసరకూడదు. పాత చెప్పులు తెచ్చుకోండి, కొత్తవి బురదలో పాడవుతాయి. మీ నాన్న దగ్గర బైనాక్యులర్ ఉంది కదా, అది మర్చిపోకుండా తెమ్మని చెప్పండి.

ఇట్లు,
మీ తాత